పద్దుల పుస్తకంలో కార్ల పందెం

మా ఇంట్లో పద్దులు రాసే అలవాటు అత్తయ్యగారిది. 1999లో నేను కాపురానికి వచ్చిన నెలలోనే ఆవిడ ఓ పొడుగాటి పుస్తకం నా చేతిలో పెట్టి, "పాలు, కూరలు, చాకలి, పేపరు, కేబులు... ఏదీ వదలకు. పెద్ద ఖర్చు అందరికీ గుర్తుంటుంది. ఇల్లు గుల్ల చేసేది చిన్న ఖర్చే" అన్నారు. ఇప్పటికి పాతిక పైన పుస్తకాలయ్యాయి. ఈ సంక్రాంతికి అటక దులుపుతుంటే అవన్నీ ఒక్కచోట దొరికాయి. దులపడం పక్కన పెట్టి కూర్చుండిపోయాను.

ముందు బియ్యం ధర చూశాను, తర్వాత గ్యాసు బండ ధర. అవి పెరుగుతాయని తెలిసిందే కదా. నన్ను ఆపింది 'కేబులు' అన్న పద్దు. మొదటి పుస్తకాల్లో నెలకి ఒకే ఒక్క వరుస. పోనుపోను అది రెండైంది, నాలుగైంది. ఇప్పటి పుస్తకంలో కేబులు ఓ మూలకి పోయి, దాని చుట్టూ యాప్‌ల పేర్లు మూగాయి. వాటిలో సగం మా ఇంట్లో ఒకే ఒక్క పిచ్చి కోసం. కార్ల పందెం. ఫార్ములా వన్.

"అదేమిటమ్మా, మగవాళ్ల గోల మనకెందుకు" అంటారేమో. నేనూ అలా అనుకున్నదాన్నే. కానీ మా ఇంట్లో ఆ పిచ్చి మావారి దగ్గర్నుంచి మా అబ్బాయికి కాదు, అమ్మాయికి వచ్చింది. ఆ పద్దు ఎందుకిలా పెరిగిందో తెలుసుకుందామని మొదలుపెడితే కథ ఇంగ్లండు దాకా పోయింది. అందులో నేను చేసిన పని ఒకటుంది. అదీ చెబుతాను.

ముందు మన దగ్గర సంగతి. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని డిష్‌ల మీద చూడ్డంతో మన దేశంలో కేబుల్ ముచ్చట మొదలైంది. అదే ఏడాది హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ వచ్చింది. అందులో ప్రైమ్ స్పోర్ట్స్ అని ఆటల ఛానెల్ ఒకటి. తర్వాత ఈఎస్‌పీఎన్ వచ్చింది, 1996లో ఆ రెండు సంస్థలూ కలిసి మన దేశంలో ఆటల ఛానెళ్లు నడిపాయి. మేడ మీంచి మేడ మీదకి లాగిన నల్లటి తీగలో అన్నీ కలిసి వచ్చేవి. ఏ ఛానెల్‌కి ఎంత అని అడిగేవాళ్లే లేరు. నెల మొదట్లో కేబుల్ అబ్బాయి వచ్చి వంద రూపాయలు పట్టుకెళ్లేవాడు. అత్తయ్యగారి భక్తి కార్యక్రమాలూ, నా సీరియళ్లూ, మావారి పందేలూ అన్నీ ఆ వందలోనే.

యూరప్‌లో జరిగే పందేలు మనకి ఆదివారం సాయంత్రం అయిదున్నరకి మొదలయ్యేవి. అంటే సరిగ్గా నేను పకోడీల పిండి కలిపే వేళ. షూమాకర్ అని ఒకతను, ఎర్ర కారు. 2000 నుంచి 2004 దాకా వరుసగా అయిదేళ్లు అతనే ఛాంపియన్. "గెలిచేది ఎవరో తెలిసి కూడా ఏం చూస్తారండీ" అనేదాన్ని. "రామాయణం నువ్వు మళ్లీ మళ్లీ చూడట్లేదా" అనేవారు మావారు. 2005లో కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు తరఫున దిగి, ఫార్ములా వన్‌లో పందెం చేసిన మొదటి భారతీయుడయ్యాడు. అప్పట్నుంచి నేనూ చేతులు తుడుచుకుంటూ ఓసారి వచ్చి చూసి వెళ్లేదాన్ని.

మరి అంత ఖరీదైన ఆటని మనకి వంద రూపాయల కేబుల్‌లో కలిపి ఎలా ఇచ్చారు? ఈ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. వెతికితే తెలిసిందేమిటంటే, డబ్బు కట్టేవాడు వేరే ఉన్నాడు. సిగరెట్టు కంపెనీ.

వెనకటి రోజుల్లో పందెం కార్లకి దేశాల రంగులుండేవట. ఇంగ్లండుకి ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు, ఫ్రాన్సుకి నీలం. 1968లో అది మారింది. లోటస్ లాంటి పేరున్న జట్టే తన కారుకి సిగరెట్టు పెట్టె రంగులు వేసుకుంది. బ్రిటన్‌లో టీవీలో సిగరెట్టు ప్రకటనలని 1965లోనే ఆపేశారు. ప్రకటన వేయకూడదు సరే, కారే సిగరెట్టు పెట్టెలా ఉంటే ఎవరు ఆపుతారు? రెండు గంటల పందెం అంటే రెండు గంటల ప్రకటన. ఆ కంపెనీలకి కావలసింది ఎక్కువమంది కళ్లు. అంటే ఎంత ఉచితంగా, ఎన్ని ఇళ్లలో చూపిస్తే అంత లాభం.

ఈ కిటుకు పట్టుకున్న మనిషి బెర్నీ ఎకిల్‌స్టోన్. పాత కార్లూ మోటారు సైకిళ్లూ అమ్ముకుని పైకొచ్చి, బ్రభమ్ అనే జట్టు కొన్న ఇంగ్లీషాయన. అంతకుముందు ఏ పందెం ప్రసారాన్ని ఆ పందెం నిర్వాహకులే అమ్ముకునేవారు. టీవీ వాళ్లు నచ్చింది తీసుకుని మిగతావి వదిలేసేవారు. ఆయన 'అలా మూర చొప్పున కాదు, బుట్ట మొత్తం తీసుకోండి' అన్నాడు. 1981లో జట్లూ, ఆటని నడిపే సమాఖ్యా కాంకార్డ్ ఒప్పందం చేసుకున్నాక ఏడాది పందేలన్నీ గంపగుత్తగా అమ్మడం కుదిరింది. యూరప్‌లో ప్రభుత్వ ఛానెళ్లు వాటిని ఉచితంగా చూపించాయి. ఆట ప్రపంచమంతా పాకింది.

1996లో ఆయనే ఇంకో ప్రయోగం చేశాడు. జర్మనీలో డబ్బు కట్టి చూసే డిజిటల్ ప్రసారం. ఎక్కువ కెమెరాలు, నచ్చిన కారులోంచి చూసుకునే వీలు. కానీ అక్కడ ఆర్‌టీఎల్ అనే ఛానెల్ షూమాకర్ పందేలన్నీ ఊరికే చూపిస్తోంది. పక్కింటివాళ్లు చెంబుడు మజ్జిగ ఊరికే పోస్తుంటే కొనుక్కునేదెవరు? 2002లో దాన్ని మూసేశారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఊరికే దొరికే చోటు ఉన్నంతకాలం కొనేవాళ్లుండరు. కొనాలంటే ఆ చోటు మూతపడాలి.

2005 జూలై 31 నుంచి యూరప్‌లో పొగాకు కంపెనీలు ఇలాంటి ఆటలకి డబ్బివ్వకూడదని నిషేధం అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ ఆటకి వచ్చే పెద్ద డబ్బుల్లో ఒకటి ఎండిపోసాగింది. ఆ తర్వాత ఆట యాజమాన్యం సీవీసీ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. 2017లో అమెరికాకి చెందిన లిబర్టీ మీడియా కొనుక్కుంది. పెట్టుబడి పెట్టినవాళ్లకి రాబడి కావాలి కదా. ఇప్పుడు ఫార్ములా వన్ ఆదాయంలో దాదాపు మూడో వంతు ప్రసార హక్కులదే. ఆ హక్కులు కొన్న కంపెనీ ఆ డబ్బు ఎవరి దగ్గర రాబట్టుకోవాలి? మీ దగ్గరా, నా దగ్గరా.

మళ్లీ మా ఇంటికి వద్దాం. 2011 అక్టోబరు 30. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బొమ్మల ఛానెల్ కోసం రిమోట్ నొక్కుతూ పోతుంటే మధ్యలో ఈ పందెం తగిలింది. చివర్లో సచిన్ గళ్ల జెండా ఊపాడు. అది ఆ జెండాని చూసిందో, ఆ కార్ల మోత విన్నదో... బొమ్మల ఛానెల్ మర్చిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ పందెం వచ్చేసరికి దానికి జట్ల పేర్లన్నీ కంఠస్థం. ఆ పందేనికి కొద్దిరోజుల ముందే సౌబర్ జట్టుకి మోనిషా కాల్టెన్‌బోర్న్ అధిపతి అయింది. ఫార్ములా వన్‌లో ఒక జట్టుని నడిపిన మొదటి మహిళ. పుట్టింది మన డెహ్రాడూన్‌లో. "అమ్మా, ఆవిడ మనావిడే" అని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. నాకు ఆ పేరు పలకడం రాలేదు కానీ పిల్ల ముఖం మాత్రం గుర్తుండిపోయింది.

చూడండి, అది ఎవరూ కొనిచ్చిన ఇష్టం కాదు. రిమోట్‌కి అడ్డు తగిలిన ఇష్టం. అన్నీ కలిసి ఒకే తీగలో వచ్చే రోజులు కాబట్టి తగిలింది.

2013తో మన దేశంలో ఆ పందెం ఆగిపోయింది. అది ఆట కాదు వినోదం అని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పన్ను అడగడం వల్ల గొడవలు. అదే ఏడాది మన హైదరాబాద్‌లో, విశాఖలో కేబుల్ డిజిటల్ చేశారు. సెట్‌టాప్ బాక్సు లేకపోతే బొమ్మ రాదు. పద్దులో కొత్త వరుస పడింది. ఆ పెట్టె రావడంతో ఎవరింట్లో ఏ ఛానెల్ వస్తుందో లెక్క తేలడం మొదలైంది. లెక్క తేలాక ధర రావడం ఎంతసేపు?

2019 ఫిబ్రవరి 1 మీకూ గుర్తుండే ఉంటుంది. ట్రాయ్ కొత్త పద్ధతి. వంద ఛానెళ్ల కనెక్షన్‌కి 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు. పైన డబ్బు ఛానెళ్లు ఎవరికి కావలసినవి వాళ్లు ఎంచుకోవడమే. ప్యాకేజీలో కలపాలంటే ఛానెల్ ధర 19 రూపాయలు దాటకూడదన్నారు. ఆటల ఛానెళ్లలో ముఖ్యమైనవి చాలావరకు సరిగ్గా ఆ 19 దగ్గరే కూర్చున్నాయి. 'చూసినదానికే డబ్బు కట్టండి' అన్న మాట న్యాయంగానే ఉంది. కానీ చాలా ఇళ్లలో కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, బిల్లు తగ్గకపోగా పెరిగింది.

ఆ రాత్రి మా భోజనాల బల్ల దగ్గర జరిగింది నాకింకా గుర్తే. కేబుల్ వాళ్లిచ్చిన కాగితం మధ్యలో పెట్టుకుని టిక్కులు పెడుతున్నాం. అన్నేళ్లలో మొదటిసారి ఇంట్లో ఒక్కొక్కరి ఇష్టానికి ఒక్కొక్క అంకె వచ్చింది. "అమ్మ ఛానెల్‌కి ఇంత, నాన్న ఛానెల్‌కి ఇంత." అత్తయ్యగారు, "నాకేం వద్దురా, రేడియో ఉందిగా" అన్నారు. ఆ మాటతో అందరం ఓ నిమిషం మాట్లాడలేదు. ఆవిడ ఛానెల్ ఉచితాల్లోనే ఉందని తేలాక ఊపిరి పీల్చుకున్నాం. వందరూపాయల రోజుల్లో ఇలాంటి మాట మా ఇంట్లో వినపడలేదు.

ఇంతలో ఫోన్లలోకి వచ్చింది వ్యవహారం. అప్పట్లో ఫార్ములా వన్ స్టార్ ఛానెళ్లతో పాటు హాట్‌స్టార్‌లో కూడా వచ్చేది. దాని ప్రీమియం చందా ఏడాదికి 999 ఉండేది, 2020 ఏప్రిల్‌లో డిస్నీ వచ్చి కలిశాక 1,499 అయింది.

సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్. మావారి కంపెనీలో సగం జీతాలు. ఆ నెల పద్దుల పుస్తకం తీస్తే ఎర్ర సిరా గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. పేపరు కొట్టేశాను. అరలీటరు పాలు కొట్టేశాను. ఆటల ఛానెళ్లూ, యాపూ రెండూ కొట్టేశాను. నేను కొట్టేయనిది ఒకటుంది. నా సీరియళ్ల ప్యాకేజీ. షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లే తిప్పి తిప్పి వేస్తున్న రోజుల్లో కూడా దాన్ని ఉంచాను. ఆ గీత గీసేటప్పుడు అది నాకు తప్పుగా అనిపించలేదు. ఆటలు 'అనవసరం' కింద పడ్డాయి, సీరియళ్లు 'ఇల్లు' కింద పడ్డాయి. అంతే.

అమ్మాయి ఏమీ అనలేదు. అప్పుడది ఇంజనీరింగులో చేరే హడావుడిలో ఉంది. ఏడాది పోయాక ఓసారి మాటల్లో బయటపడింది. ఆ అక్టోబరులో పోర్చుగల్‌లో హామిల్టన్ 92వ విజయం సాధించి షూమాకర్ రికార్డు దాటాడు. ఆ పందేన్ని అది ఫోన్లో అక్షరాల్లో చదువుకుందట. ఎవరో ఒక్కో ల్యాప్‌కి ఒక్కో వాక్యం రాస్తుంటే, అది గదిలో పడుకుని చదువుకుంటూ బొమ్మ ఊహించుకుందట. "అడిగితే కట్టేదాన్ని కదే" అన్నాను. "నువ్వు ఎర్ర గీత గీశాక ఎలా అడుగుతానమ్మా" అంది. నాకు నోట మాట రాలేదు.

2023 మరీ చిత్రం. ఆ ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. కరెంటు కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మన దేశంలో జరగడం అదే మొదటిసారి. ఫ్రాన్సుకి చెందిన వెర్న్ గెలిచాడు. మన సచివాలయం పక్క రోడ్ల మీద ప్రపంచస్థాయి పందెం! ఊళ్లో ట్రాఫిక్ ఆపేసినందుకు తిట్టుకున్నవాళ్లు తిట్టుకున్నారు, మా ఇంట్లో మాత్రం పండగ. సరిగ్గా నెల తిరక్కముందే, మార్చిలో మొదలైన ఫార్ములా వన్ సీజన్‌కి మన దేశంలో టీవీ ఛానెలే లేదు. స్టార్ ఒప్పందం ముగిసింది, ఇంకో ఛానెల్ రాలేదు. ఫార్ములా వన్ వాళ్ల సొంత యాప్‌కి చందా కట్టాలన్నారు. 2024లో హక్కులు ఫ్యాన్‌కోడ్ అనే యాప్‌కి వెళ్లాయి. అందులో సీజన్ మొత్తానికీ కొనుక్కోవచ్చు, ఒక్క పందేనికీ కొనుక్కోవచ్చు. షాంపూ సీసా కొనలేనివాళ్లకి పొట్లం అమ్మినట్టు. పొట్లం వల్ల బీదవాళ్లకి మేలేగా అంటే, మేలే. కానీ పొట్లం కొనాలంటే ముందు ఆ షాంపూ ఒకటుందని తెలియాలి కదా.

2024లో అమ్మాయి పై చదువుకి ఇంగ్లండు వెళ్లింది. ఫార్ములా వన్ జట్లలో ఎక్కువ భాగం ఉన్న దేశం. 1950 మే 13న ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి పందెం జరిగింది అక్కడి సిల్వర్‌స్టోన్‌లోనే. అక్కడైనా పందేలు టీవీలో హాయిగా వస్తాయనుకుంది. వెళ్లిన వారానికే ఫోన్. "అమ్మా, ఇక్కడ మనకన్నా ఘోరం."

ఆ ఘోరం ఏమిటో దానికి చెప్పింది వాళ్ల ఇంటావిడ. డెబ్బై దాటిన పెద్దావిడ. కింద ఆవిడ ఉంటూ పై గది మా అమ్మాయికి అద్దెకిచ్చింది. 1978లో బీబీసీలో 'గ్రాండ్ ప్రి' అనే కార్యక్రమం మొదలైంది. దానికి ముందు ఒక గిటార్ సంగీతం వచ్చేదట. వంటింట్లో ఆ సంగీతం వినపడగానే ఈవిడ ఓవెన్‌లో బంగాళాదుంపలు పెట్టేది, ముందుగదిలో భర్త కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకునేవాడు. మర్రీ వాకర్ అనే వ్యాఖ్యాత పందెం చెబుతుంటే పక్కింటి దాకా వినపడేదట. సముద్రానికి అవతల ఒకావిడ బంగాళాదుంపలు, ఇవతల నేను పకోడీలు. నాకు నవ్వొచ్చింది.

అక్కడ టీవీలో ప్రత్యక్ష ప్రసారాలు చూసే ప్రతి ఇల్లూ ఏడాదికి లైసెన్సు ఫీజు కట్టాలి, దాంతోనే బీబీసీ నడుస్తుంది. 1997లో పందేలు ఐటీవీకి వెళ్లాయి. అక్కడా ఉచితమే, కాకపోతే మధ్యలో ప్రకటనలు. 2005లో ఇటలీలో అలోన్సో, షూమాకర్ నువ్వా నేనా అన్నట్టు పోరాడుతుంటే చివరి ల్యాపుల్లో ప్రకటనలు వేసి చీవాట్లు తిన్నారు. 2009లో మళ్లీ బీబీసీకి వచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపు, 2010లో ప్రభుత్వం లైసెన్సు ఫీజుని 145.50 పౌండ్ల దగ్గర కొన్నేళ్లపాటు ఆపేసింది. ధరలు పెరుగుతుంటే ఆదాయం ఆగితే మనమైతే ఏం చేస్తాం? ఎర్ర సిరా తీస్తాం. బీబీసీ కూడా తీసింది. 2012 నుంచి సగం పందేలే తనకి, మొత్తం స్కై అనే డబ్బు ఛానెల్‌కి. 2015 చివర్లో మొత్తమే వదులుకుంది. కొన్నాళ్లు ఛానెల్ 4 సగం చూపించింది. 2019 నుంచి ప్రత్యక్ష ప్రసారం అంతా స్కైదే. ఉచితంగా దొరికేవి పందెం అయ్యాక వేసే ముఖ్య ఘట్టాలూ, ఏడాదికి ఒక్క బ్రిటిష్ గ్రాండ్ ప్రి ప్రత్యక్ష ప్రసారం.

లైసెన్సు ఫీజు తగ్గిందా అంటే లేదు, 2025 ఏప్రిల్‌కి 174.50 పౌండ్లయింది. పందేలు కావాలంటే దాని మీద ఇంకో చందా. ఇంటావిడ భర్త పెన్షన్ మీద బతికే మనిషి. స్కై పెట్టించుకోలేదు. చివరి ఏళ్లలో రేడియోలో వ్యాఖ్యానం వింటూ కూర్చునేవాడట, టీవీకి దగ్గరగా జరిపిన ఆ కుర్చీలోనే. మా అమ్మాయి ఇది చెబుతున్నప్పుడు నాకు ఫోన్లో అక్షరాలు చదువుకున్న పిల్ల గుర్తొచ్చింది. అడగలేకపోయాను.

చట్టం ఏమీ చేయలేదా అంటే, బ్రిటన్‌లో ఒలింపిక్స్, ఫుట్‌బాల్ ప్రపంచకప్, వింబుల్డన్ ఫైనల్స్ వంటివి అందరికీ అందుబాటులో ఉండే ఛానెళ్లకి దక్కాలని జాబితా ఉంది. కార్ల పందెం అందులో లేదు. మనకీ 2007లో చట్టం వచ్చింది, దేశానికి ముఖ్యమైన ఆటల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలని. క్రికెట్ ఉంది, ఒలింపిక్స్ ఉన్నాయి. కార్ల పందెం ఇక్కడా లేదు. ఉండాలని నేననను. బియ్యం, పప్పుల జాబితాలో అత్తరు సీసా చేర్చమని అడగలేం కదా.

మిగతా దేశాల్లోనూ ఇంచుమించు ఇదే వరస. ఫ్రాన్సు, ఇటలీల్లో 2013లో డబ్బు ఛానెళ్లకి తరలింది. జర్మనీలో ముప్పై ఏళ్లు ఊరికే చూపించిన ఆర్‌టీఎల్ నుంచి 2021లో స్కైకి వెళ్లిపోయింది. అమెరికాలో ఉన్న మన పాఠకులకి ఇంకో రుచి. 2018లో అక్కడ ఈ ఆటని అడిగేవాళ్లు లేక ఈఎస్‌పీఎన్‌కి దాదాపు ఊరికే ఇచ్చారని వార్తలు. తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో దాని మీద సిరీస్ వచ్చి జనం ఎగబడ్డారు. 2026 నుంచి అవే హక్కులు ఆపిల్ టీవీకి. ఏడాదికి సుమారు 14 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ముందు రుచి చూపించు, అలవాటు చెయ్యి, తర్వాత ధర చెప్పు. మన సంతలో మామిడిపళ్లవాడికీ తెలిసిన విద్యే. కాకపోతే వాడు రుచి చూసినవాడిని వెనక్కి తోసెయ్యడు. ఇక్కడ ఆటని ఇంతదాన్ని చేసిన పాత ఉచిత ప్రేక్షకులనే తోసేశారు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం అంటే ఇదే.

న్యాయంగా ఒప్పుకోవలసింది కూడా ఉంది. ఇప్పటి ప్రసారం చాలా బాగుంటుంది. శుక్రవారం సాధన నుంచి ఆదివారం దాకా అన్నీ వస్తాయి, డ్రైవరు రేడియోలో ఏమన్నాడో కూడా వినొచ్చు. సిగరెట్టు డబ్బుతో చూసిన పందెం కన్నా మన డబ్బుతో చూసేది శుభ్రం. యూట్యూబ్‌లో ముఖ్య ఘట్టాలు ఊరికే ఉన్నాయి. పిచ్చి ఉన్నవాడు ఎలాగో కట్టుకుంటాడు. నా బాధ వాడి గురించి కాదు. ఇంకా ఆ పిచ్చి పట్టని తొమ్మిదేళ్ల పిల్ల గురించి. బొమ్మల ఛానెల్ కోసం రిమోట్ నొక్కుతున్న పిల్లకి ఇవాళ దారిలో పందెం ఎక్కడ తగులుతుంది? పాస్‌వర్డు వెనక ఉన్నదాని మీద పొరపాటున చెయ్యి పడదు.

2021 డిసెంబరులో అబుదాబీలో చివరి పందెం. హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరూ సమానమైన పాయింట్లతో దిగారు. ఆ ఒక్క రోజు స్కై ఆ ప్రసారాన్ని ఛానెల్ 4తో ఉచితంగా పంచుకుంది. బ్రిటన్‌లో రెండింట్లో కలిపి 70 లక్షల మందికి పైగా చూశారు. అంటే జనానికి ఇష్టం పోలేదు. తలుపు తెరిస్తే వస్తారు.

మా ఇంట్లో ఇంకొకటి కూడా పోయింది. యాప్ వచ్చాక పందెం ముందుగదిలోంచి మావారి ఫోన్లోకి వెళ్లిపోయింది. చెవుల్లో తీగలు పెట్టుకుని మంచం మీద కూర్చుని చూస్తారు. ఎవరు గెలిచారో నాకు తెలియదు, అడగను కూడా. పకోడీలు వేసి చాలాకాలమైంది. ధర పెరిగినందుకు కాదు గానీ, ధర ఒక్కరి పేరు మీద పడేసరికి చూడ్డం కూడా ఒక్కరిదైపోయింది.

నిరుడు జూలై 6న సిల్వర్‌స్టోన్ పందెం. అక్కడ ఉచితంగా వచ్చే ఆ ఒక్క ఆదివారం. ఇంటావిడ మా అమ్మాయిని కిందకి పిలిచి భర్త కుర్చీలో కూర్చోమందట. ఇక్కడ మనకి రాత్రి ఏడున్నర. అమ్మాయి వీడియో కాల్ చేసి, "నాన్నా, ఫోన్లో కాదు, టీవీకి తగిలించు. అమ్మని కూడా పిలు" అంది. మావారు వైర్లతో కాసేపు కుస్తీ పట్టి తగిలించారు. అక్కడ వాన. కార్లు జారుతున్నాయి. హల్కెన్‌బర్గ్ అని ఒక జర్మన్, అంతకుముందు 238 పందేలు చేసి ఒక్కసారి కూడా మొదటి ముగ్గురిలో నిలబడలేదట పాపం. ఆ రోజు మూడోవాడిగా వచ్చాడు. అక్కడ ఇద్దరూ ఇక్కడ ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఇంటావిడ నా వైపు చెయ్యి ఊపింది. నేను పిండి చేత్తోనే ఊపాను.

అటక మీది పుస్తకాలు మళ్లీ కట్ట కట్టి పెట్టేశాను, 2020ది తప్ప. దాన్ని బల్ల సొరుగులో ఉంచాను. ఈ ఏడాది కొత్త పుస్తకంలో పందేల చందాని 'అనవసరం' కింద రాయలేదు. 'ఇల్లు' కింద, పాలకీ గ్యాసుకీ మధ్యలో రాశాను. ఫోన్లో చూడ్డం కుదరదని మావారికి చెప్పాను, డబ్బు కట్టేది ముందుగదికి. పక్క ఫ్లాటు పిల్లలు వస్తే రానిమ్మన్నాను కూడా.

మీ ఇంట్లో ఎర్ర సిరా పడినప్పుడు మొదట ఎవరి ఇష్టం పోయింది? ఓసారి పాత పుస్తకాలు తీసి చూడండి.